మంచినీటి ప్లాంటు – వెనుక గొట్టము

నీటిని శుద్ధిచేయు కట్టడమును చూడబోయినవారు ముందువైపుననే ఆగిపోవుట పరిపాటి. గుంటూరు, ప్రకాశం మెట్టభూములలో ప్రత్తి, మిరప పండించు అనేక గ్రామములందు ఇట్టి కట్టడము ఉన్నది. ప్రజలు దానిని ఆర్.ఓ. ప్లాంటు అందురు. ముందు రంగు వేసిన గోడ, కుళాయిలు, ఇరువది లీటర్ల డబ్బాల వరుస, అంతయు శుభ్రముగనే ఉండును. వెనుక గోడనుండి సన్నని గొట్టమొకటి బయటికి వచ్చి, యంత్రము తిరుగునంతసేపు కాలువలోనికి నీరు వదలుచుండును. ఈ కట్టడపు మంచిచెడ్డలు తేల్చవలసినది ఆ గొట్టము వద్దనే.

ప్లాంటు అవసరమును ఎవరును కాదనలేరు. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు పూర్వము నెల్లూరు జిల్లాలోనివి. ఆ జిల్లాలో ఫ్లోరైడు వ్యాధి ఉన్నదని షార్టు మొదలైన వైద్యశాస్త్రజ్ఞులు 1937లోనే ప్రకటించిరి. పండ్లపై గోధుమరంగు చారలు, వంగని వెన్నెముక, బిగిసిన కీళ్ళు ఆ వ్యాధి గుర్తులు. భూగర్భములోని రాళ్ళయందలి ఖనిజములనుండి ఫ్లోరైడు బావులలోనికి దిగును. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదనియు, వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చుననియు భారత ప్రమాణము. 2014లో ఆరంభమైన ఎన్.టి.ఆర్. సుజల పథకము ఆనాడు రెండు రూపాయలకు ఇరువది లీటర్లు ఇచ్చుట చిన్న మేలు కాదు.

అయితే ప్లాంటులోని పొర ఫ్లోరైడును నాశనము చేయదు, వేరుచేయును, అంతే. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయింపవచ్చును. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న నీరు 100 లీటర్లు లోనికి పోయినదనుకొందము. మొత్తము 300 మిల్లీగ్రాములు. అందులో 50 లీటర్లు మంచినీరుగా వచ్చి, లీటరుకు 0.2 చొప్పున 10 మిల్లీగ్రాములు తీసికొనిపోయినది. మిగిలిన 290 మిల్లీగ్రాములు ఏమైనవి? వెనుక గొట్టమునుండి వచ్చు 50 లీటర్లలో ఉన్నవి. అనగా లీటరుకు 5.8. బోరుబావిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు! దానితోపాటు ఇతర లవణములును చిక్కబడును. కాలువలో ఇంకిన ఈ నీరు తిరిగి చేరునది ఏ భూగర్భమునకు? ఊరివారు త్రోడుకొను బోరుకే మరలిన, ఊరు డబ్బిచ్చి తన బావిని తానే పాడుచేసికొనుచున్నదన్నమాట.

నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థవారు రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము, బ్లీచింగు పౌడరు వాడుదురు. అది చౌక. అందును అడుగున మడ్డి మిగులును. దానిని పారబోయుచోటు చూడవలసినదే.

ఆ వెనుక నీటిని చేలకు పెట్టిన సరిపోదా అని కొందరందురు. ప్రత్తి ఉప్పునీటిని బాగుగా ఓర్చుకొను పైరు; మిరప అంతగా ఓర్వదు. ఈ ఏడు ప్రత్తి వేసిన చేనిలోనే మరుసటి యేడు మిరప వేయు రైతునకు ఆ సలహా ఎట్లు పనికివచ్చును? పైగా నీటిలో సోడియము ఎక్కువైనచో నల్లరేగడి మన్ను ఉబ్బి, సందులు మూసికొని, వాన నీటిని కూడ లోనికి పోనీయదు.

ఇక గది సంగతి. పలుచని గోడలు, పైన కాంక్రీటు కప్పు, దానిమీద నల్లని ప్లాస్టికు తొట్టి. మే నెల ఎండలో తొట్టినీరు కాగిపోవును. నీరు వేడెక్కినకొలది పొరగుండ లవణము ఎక్కువగా జారిపోవును. కనుక నీడ ఇక్కడ అలంకారము కాదు, యంత్రములో భాగము. దళసరి గోడలు, చవిటిమన్ను మిద్దెలు కట్టిన మెట్టప్రాంతపు మేస్త్రీలకు ఈ నీడ విలువ తెలియును. ప్లాంటు నమూనా గీసినవారికి అది తట్టలేదు. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలు వారును. దానిపై తేలికపాటి పునాదితో కట్టిన తొట్టి పగులుట వింత కాదు. అట్టి నేలలకై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనాలయమువారు అడుగున గంటవలె వెడల్పయిన స్తంభపు పునాదులను ఎన్నడో సిద్ధపరచిరి.

నీటి కరువున్న నమీబియా దేశపు రాజధాని విండ్‌హుక్‌లో 1968 నుండి మురుగునీటిని శుద్ధిచేసి త్రాగునీటిలో కలుపుచున్నారు. 2002లో వచ్చిన కొత్త ప్లాంటు దినమునకు రెండు కోట్ల పదిలక్షల లీటర్లు ఇయ్యగలదు. అచ్చటి యంత్రములు గొప్పవే. అంతకన్న గొప్పది, పరిశ్రమల మురుగును ఇండ్ల మురుగుతో కలియనీయక వేరు త్రోవన మళ్ళించుట. చెడ్డనీటికి త్రోవ మొదటనే గీసినారు. పల్లెలోని ప్లాంటునకు గీయనిది ఆ త్రోవయే.

గీయుట అసాధ్యమా? నూరు కుటుంబములకు ఇరువదేసి లీటర్లన్న దినమునకు 2000 లీటర్ల మంచినీరు. అంతే నీరు వెనుకకు పోవును. సాలుకు 730 ఘనమీటర్లు. పడిన వాన పోగా ఏడాదికి ఒక మీటరు లోతు ఆవిరియగునని లెక్కగట్టినచో 730 చదరపు మీటర్ల మడుగు, అనగా సుమారు 18 సెంట్ల చోటు కావలెను. ఉప్పునీరు మెల్లగా ఆవిరియగును గనుక మరికొంత కలుపుకొనవలెను. గదికి ఒక సెంటు చాలునన్న అంచనా ఇక్కడ తలక్రిందులగుచున్నది: అసలు కట్టడము మడుగు, గది దానికి అనుబంధము!

మడుగు అడుగున వట్టి రేగడి పనికిరాదు. బీటలగుండ నీరు దిగిపోవును. దళసరి ప్లాస్టికు పరచి, పైన మాచెర్ల నాపరాళ్ళు పేర్చవచ్చును. ఎండిన ఉప్పును చేలలో చల్లక, వాన తగలని తొట్టిలో ఎత్తి ఉంచవలెను. చుట్టును కంచె తప్పదు. ఫ్లోరైడు వ్యాధి పశువులకును వచ్చును. ఎండకాలమున దాహముతో తిరుగు గేదెకు ఆ మడుగు చెరువువలెనే కనబడును.