గోతిలోనూ పైమెట్టు

బ్రిటిష్ జానపద సంగీత పునరుజ్జీవనంలో కోటలూ గుర్రాలూ దేవకన్యలూ కనబడగానే అదంతా భూస్వామ్య యుగంమీద బెంగ అని కొట్టిపారేసే విమర్శకులున్నారు. అనుమానానికి కారణం లేకపోలేదు. 1903లో సోమర్సెట్‌లో ఒక తోటమాలి నోట పాట విని సేకరణకు దిగిన సెసిల్ షార్ప్ దృష్టిలో జనమంటే పల్లె రైతాంగమే. గని కార్మికుణ్ణి ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఆ లోటు పూడ్చినవాడు కమ్యూనిస్టు అయిన ఎ.ఎల్. లాయిడ్. 1952లో బొగ్గుగనుల పాటల సంపుటి తెచ్చాడు. (కొన్ని పాటలకు ఆయన చెప్పకుండా మెరుగులు దిద్దిన మాట వేరే చర్చ.)

అయితే గని పాట ప్రగతి, కోట పాట తిరోగమనం అని గీత గీస్తే, షార్ప్ చేసిన పనినే ఎదుటి దిక్కునుంచి చేసినట్టవుతుంది. 1969లో ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ బృందం ఎలక్ట్రిక్ గిటార్లతో చేసిన ‘లీజ్ అండ్ లీఫ్’ రికార్డు వినండి. అందులో ఫిడేలు వాయించిన డేవ్ స్వార్‌బ్రిక్ అంతకుముందు లాయిడ్ పాటలకు వాయించినవాడే. ‘మ్యాటీ గ్రోవ్స్’లో ప్రభువు భార్య తనకంటే తక్కువ అంతస్తు యువకుణ్ణి కోరి పిలుస్తుంది. ప్రభువు ఇద్దరినీ చంపి ఒకే గోతిలో పెట్టమంటాడు. ఆమెది గొప్ప వంశం గనుక ఆమెను మాత్రం పైన ఉంచమంటాడు. చేతి నెత్తురు ఆరకముందే అంతస్తు గుర్తుకొచ్చింది! వర్గ సమాజం గురించి మన కథలెన్ని ఇంత పొదుపుగా చెప్పగలిగాయి?

‘టామ్ లిన్’లో నిషేధించిన అడవిలోకి ధైర్యంగా వెళ్ళేది జానెట్ అనే యువతి. దేవకన్యల రాణి చెరనుంచి ప్రియుణ్ణి విడిపించేదీ ఆమే. అతడు పామైనా, సింహమైనా ఆమె చేతులు సడలవు.