వార్తకు జవాబుదారులు

పాత్రికేయ వృత్తిలోకి కొత్తగా వచ్చే పిల్లల చేతిలో పెట్టదగిన పుస్తకం ఇది. దీన్ని రాసిన చిరంజీవి మా డెస్క్‌లో ట్రైనీగా చేరి, జిల్లా పేజీలు దిద్ది, తరవాత కొత్త బ్యాచ్‌లకు పాఠాలు చెప్పాడు. ఆ పాఠాలే ఇప్పుడు పుస్తకమయ్యాయి.

డేట్‌లైన్, బైలైన్, ఇంట్రో, బ్యానర్, ఫాలోఅప్ వంటి మాటలకు అర్థాలు చెప్పే పుస్తకాలు వేరే ఉన్నాయి. మండల కంట్రిబ్యూటర్ మొదలు సంపాదకుడి దాకా ఎవరు దేనికి జవాబు చెప్పుకోవాలో చెప్పడం దీని ప్రత్యేకత. రెండో అధ్యాయంలో ఒక రోడ్డు ప్రమాదం వార్త ఎన్ని చేతులు మారుతుందో చూడండి. మృతుల సంఖ్యను పోలీసుల దగ్గరా, ఆస్పత్రిలోనూ సరిచూసుకోవడం విలేకరి పూచీ. పేర్లు, ఊళ్లు, వయసులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా, శీర్షిక వార్తను మించిపోయిందా అని చూడటం సబ్ ఎడిటర్ పూచీ. ఏ పేజీలో ఎంత చోటివ్వాలో న్యూస్ ఎడిటర్ తేలుస్తాడు. వీళ్లలో ఎవరు పొరపడినా చట్టం ముందు నిలబడవలసింది సంపాదకుడు. ప్రతి సంచికలో ఆయన పేరు అచ్చు వేసేది అందుకే. ఫోన్ ఉన్న ప్రతివారూ వార్త పంపగలిగే ఈ రోజుల్లో పూచీ పడేవాళ్లు కరువయ్యారు. కాబట్టి ఈ అధ్యాయం నాకు అన్నిటికన్నా నచ్చింది.

చరిత్ర భాగాన్ని తేదీల జాబితాగా వదిలేయకపోవడం మరో మంచి పని. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారూ, బందరులో కృష్ణాపత్రికకు దశాబ్దాల పాటు సంపాదకుడిగా ఉన్న ముట్నూరి కృష్ణారావుగారూ ఇందులో కనిపిస్తారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపంతో బదులివ్వలేదు. 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. ఆధారంతో జవాబు చెప్పడమంటే అది. రజాకార్లను నిలదీసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో ప్రాణాలిచ్చిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌కు ఒక అధ్యాయమే కేటాయించడం చూసి మనసు నిండింది. ఆయన ఉర్దూలో రాశాడు గనుక మనవాడు కాడనుకునే పొరపాటు ఈ రచయిత చేయలేదు.

నీతి గురించిన అధ్యాయాలు ఉపన్యాసాల్లా లేవు. లైంగిక దాడికి గురైన పిల్లల పేరు రాయకుండా, బడి పేరో, తండ్రి పేరో, వీధి పేరో రాసినా ఆనవాలు బయటపడ్డట్టేనని, 2012 నాటి పోక్సో చట్టం వాటన్నిటినీ నిషేధించిందని ఉదాహరణలతో చూపించాడు. డబ్బు తీసుకుని ప్రకటనను వార్తగా అచ్చువేసే పెయిడ్ న్యూస్ మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లో ఇచ్చిన నివేదికను వివరంగా చర్చించాడు. ఆ నివేదిక రాసిన ఇద్దరిలో ఒకరు మన కె. శ్రీనివాస్‌రెడ్డిగారని నేటి విద్యార్థులకు తెలియాలి.

మలి ముద్రణకు ఒక సూచన. గ్రామీణ కంట్రిబ్యూటర్ బతుకు మీద ఇంకా రాయాలి. నియామక పత్రం లేదు, నెల జీతం లేదు, చేతికొచ్చేది అచ్చయిన వరుసల లెక్కన ఇచ్చే లైన్ అకౌంటే. పైగా ప్రకటనలు తెమ్మని ఒత్తిడి. ప్రకటన ఇచ్చిన ఆసామి మీదే మర్నాడు వార్త రాయవలసి వస్తే అతనేం చేయాలి? నిజాయితీ అతని నుంచి ఆశించే యాజమాన్యాలు అతని తిండిగింజల గురించీ జవాబు చెప్పాలి. ఆ ప్రశ్నను అంతే సూటిగా వేయగల కలం ఈ రచయితది.

దీన్ని చదివిన పిల్లలు వార్త పంపే ముందు, ‘ఇది నీకెలా తెలుసు?’ అని రేపు ఎవరైనా అడిగితే చెప్పడానికి తమ దగ్గర ఏముందో చూసుకోగలిగితే రచయిత శ్రమ ఫలించినట్టే. చిరంజీవికి నా ఆశీస్సులు.