వార్డులో పిట్టల దొర

పగటివేషగాళ్ళు, కథలు చెప్పేవాళ్ళు తిరిగిన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో నవ్వించడం ఒక వృత్తి. దానికి నియమాలున్నాయి, మెళకువలున్నాయి, ఏ మాట ఏ చోట పడాలో తండ్రి కొడుక్కు నేర్పే క్రమం ఉంది. పాలమూరు ప్రాంతపు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి జనం ఆటపాటలను, వేడుకలను, తిండితిప్పలను చరిత్రగా లెక్కగట్టాడు. ఆ లెక్కన చూస్తే, ఈ మెళకువలు జాతరలు, పెళ్ళిళ్ళు దాటి ఆసుపత్రి జనరల్ వార్డులో నెలల తరబడి పడి ఉన్నవారి మాటల్లో వినిపించడం కూడా చరిత్ర కిందికే వస్తుంది.

సెంట్రింగు కర్రల మీది నుంచి జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్న కూలీ, షుగరు వల్ల కాలి పుండు మానని రైతు, మంటల్లో ఒళ్ళు కాలిన ఇల్లాలు, మొదటి విడత మందులకు లొంగని టీబీ రోగి – ఇటువంటివారి ఆసుపత్రి వాసం వారాలతో మొదలై నెలలకు సాగుతుంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినా, కేసు ముదిరితే పట్నానికి, అంటే ఉస్మానియాకో, గాంధీకో, నిమ్స్‌కో రాయడం ఉండనే ఉంది. ఏ ఊరి మంచమైనా అక్కడ మనిషికి జరిగేది ఒక్కటే. అమెరికాలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1961లో ప్రచురించిన ‘అసైలమ్స్’లో, నిద్ర, తిండి, పని అన్నీ ఒకే కప్పు కింద ఒకే అధికారానికి లోబడి జరిగే చోటును ‘సంపూర్ణ సంస్థ’ అన్నాడు. అటువంటి చోట మనిషి పేరు, బట్టలు, వేళలు, ఎవరు తనను ముట్టుకోవాలన్న హక్కు ఒక్కొక్కటిగా జారిపోతాయని చూపించాడు. ఆయన ముఖ్యంగా పరిశీలించింది మానసిక చికిత్సాలయాన్నే అయినా, ఊళ్ళో పటేలు కూడా పేరు పెట్టి పిలిచిన మనిషి ఇక్కడ ‘పదిహేడో బెడ్డు’గా మారే తీరు ఆ వర్ణనకు దూరమేమీ కాదు. దక్షిణ తెలంగాణ హాస్యం పనిచేసేది సరిగ్గా ఈ చోటనే.

ఈ హాస్యానికి మూలవిరాట్టు వంటివాడు పిట్టల దొర. తుపాకి రాముడని, లత్కోర్ సాబ్ అని కూడా పిలిచే ఈ పగటివేషాన్ని ఎక్కువగా బుడిగ జంగాలు కట్టేవారు. ఖాకీ చొక్కా, అతుకుల లాగు, తలమీద పాత టోపీ, భుజాన కట్టె తుపాకి, నోటినిండా కోతలు – ఇదీ వేషం. కోతలంటే హద్దుమీరిన గొప్పలు. నిజాం కాలపు దొరతనాన్ని, పోలీసు జులుంను ఒకే ఒంటిమీద తొడుక్కొని, వాటిని వాటి భాషలోనే వెక్కిరించడం ఈ వేషపు కీలకం. 2019లో బిత్తిరి సత్తి కథానాయకుడిగా ‘తుపాకి రాముడు’ అన్న పేరుతోనే సినిమా వచ్చిందంటే, ఈ వేషం ఇంకా జనం నోళ్ళలో బతికి ఉన్నదనే అనుకోవాలి. పిట్టల దొర కోతకు ఒక కట్టు ఉంటుంది: మొదట ఆకాశానికెత్తే గొప్ప, ఆ వెంటనే దాన్ని నిలబెట్టే లెక్కలు, చివర ఆ లెక్కలన్నిటినీ కూలదోసే ఒక చిన్న నిజం. కూలిపోవడం చెప్పేవాడి చేతిలోనే జరుగుతుంది కనుక, వినేవాడికి అతణ్ణి వెక్కిరించే పని మిగలదు.

వార్డులో ఈ కట్టు చెక్కుచెదరకుండా దిగుతుంది. కాలికి బరువు వేలాడగట్టి కదలనివ్వకుండా పడుకోబెట్టిన రోగిని పలకరించడానికి ఊరివాళ్ళు వచ్చి ‘ఎట్లున్నవే?’ అన్నప్పుడు, వాడి జవాబు ఇట్లా సాగవచ్చు: ‘నాకేం తక్కువరా, నలభై కిటికీల బంగ్లల ఉన్న. పొద్దుగాల లేస్తె పదిమంది డాక్టర్లు నా దర్శనానికొస్తరు, నా రక్తం లేంది వాళ్ళకు పొద్దువోదు. నీళ్ళు గూడ మామూలుగ తాగ, సీసలల్ల తెప్పించుకుంట. పంకలు ముప్పై ఉన్నయి, తిరిగేది ఒక్కటే, అది గూడ సిస్టరమ్మ నెత్తిమీద.’ ఇందులో ఫిర్యాదు పూర్తిగా ఉంది: పంకా తిరగదు, రక్తం అడుగడుగునా తీస్తున్నారు, నోటికి తిండి లేక సెలైనుతో రోజులు గడుస్తున్నాయి. అయితే ఏడుపుగా చెబితే అది ఒక్కడి బాధ. కోతగా చెప్పేసరికి పక్క మంచాలన్నీ దానిలో భాగస్వాములవుతాయి, సిస్టరు సైతం నొచ్చుకోకుండా విని, చేతనైతే పంకా సంగతి వార్డుబాయ్‌కి చెబుతుంది.

ఈ సూక్ష్మాన్ని శాస్త్రీయంగా గమనించినవారిలో రోజ్ లాబ్ కోసర్ ముఖ్యురాలు. అమెరికాలోని ఒక ఆసుపత్రి వార్డులో రోగుల నవ్వులను పరిశీలించి 1959లో ఆమె రాసిన వ్యాసం, ఇటువంటి నవ్వుతాలు ఫిర్యాదు రోగుల విడివిడి అనుభవాలను ఉమ్మడి అనుభవంగా మారుస్తుందని చెప్పింది. మరుసటి ఏడు ఆమె మానసిక చికిత్సాలయ సిబ్బంది సమావేశాలను పరిశీలించినప్పుడు మరో సంగతి తేలింది: అక్కడ చమత్కారాలు ఎక్కువగా పెద్ద డాక్టర్ల నోటినుంచే వచ్చాయి, కిందివారు తమ పైవారి మీద జోకు వేయలేదు; అంటే కొలువులో హాస్యం పైనుంచి కిందికే పారుతుంది. పిట్టల దొర చేసేది దీనికి తలకిందులు. కట్టె తుపాకి పట్టుకున్నవాడు గడీ వైపే గురిపెడతాడు. మంచం దిగలేనివాడు ఆసుపత్రినంతటినీ తన జమీందారీగా ప్రకటిస్తాడు. పోయిన హోదాను అడుక్కోకుండా, దొంగహోదాగా తిరిగి తీసుకోవడమే ఈ పద్ధతి విలువ అని చెప్పుకోవచ్చు.

రోగి ఒక్కడే ఎంతసేపని కోతలు కోస్తాడు? రెండో మెళకువ తోడుగా వచ్చినవారిది. బుర్రకథలో కథకుడికి ఇరుపక్కలా నిలిచే ఇద్దరు వంతలలో ఒకరు హాస్యానికి, మరొకరు రాజకీయ వ్యాఖ్యకు పెట్టింది పేరు. నల్లగొండ నేల మీద తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఈ కళ ఊరూరా తిరిగింది. హాస్యపు వంత ఎప్పుడు పడితే అప్పుడు నోరు తెరవడు, కథలో దుఃఖం గొంతుదాకా వచ్చి వినేవారు ఇక భరించలేరన్న క్షణంలోనే అడ్డు తగులుతాడు, ఆ వెంటనే తప్పుకొని కథకుడికి దారి ఇస్తాడు. మంచం పక్కన కింద చాప పరుచుకొని పడుకునే భార్యో, తమ్ముడో చేయవలసింది ఇదే. కట్టు మార్చడానికి ముందు మాట కలిపి, మార్చేటప్పుడు నోరు మూసుకొని, మార్చిన తరువాత మళ్ళీ అందుకునేవాడు మంచి వంత. నొప్పి నడుమ జోకులు కురిపించేవాడికి తాళం తెలియదు.

మూడోది వరుస కలపడం. తెలుగునాట ముక్కూమొహం తెలియని మనిషిని కూడా అన్నా, అక్కా, అవ్వా, బావా అని ఏదో ఒక వరుసతో పిలవడం పరిపాటి. బావామరదళ్ళు, వియ్యపురాళ్ళు ఒకరినొకరు ఎంతమాటైనా అనుకోవచ్చునన్న లోకరీతిని మానవశాస్త్రంలో ‘పరిహాస బంధుత్వం’ అంటారు. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో దానిమీద రాసిన వ్యాసం నేటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంటుంది. దేవరకొండ మనిషికి పక్క మంచం మీది అచ్చంపేట మనిషి ‘బావ’ అయిన మరుక్షణం, కోపం రాకూడదన్న కట్టడితో పాటే పరాచికాలకు అనుమతి కూడా లభిస్తుంది. ఇక నిద్ర పట్టని రాత్రులకు శాత్రాలున్నాయి. తెలంగాణలో పొడుపుకథకు అదే పేరు.

నవ్వు రోగాన్ని నయం చేస్తుందని చెప్పేవారు తరచుగా నార్మన్ కజిన్స్ పేరు ఎత్తుతారు. 1964లో వెన్ను కీళ్ళు బిగుసుకుపోయే వ్యాధి పాలైన ఆ అమెరికన్ సంపాదకుడు, హాస్య చిత్రాలు చూసి పది నిమిషాలు కడుపారా నవ్వితే రెండు గంటలు నొప్పి లేని నిద్ర పట్టిందని రాశాడు. అయితే ఆయన ఆసుపత్రి వదిలి హోటలు గదిలోకి మారాడన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి, పాలమూరు కూలీకి ఆ వెసులుబాటు లేదు. అంతకన్నా నిలకడైన ఆధారం రాబిన్ డన్‌బార్ బృందం 2011లో ప్రకటించినది: నలుగురితో కలిసి పగలబడి నవ్విన తరువాత మనుషులు నొప్పిని ఓర్చుకునే హద్దు పెరుగుతుందని, దానికి మెదడులో విడుదలయ్యే ఎండార్ఫిన్లు కారణం కావచ్చునని వారు చెప్పారు. ఓర్పు పెరగడం వేరు, ఎముక అతకడం వేరు.

అన్ని నవ్వులూ ఒక్కటి కావని నాట్యశాస్త్రం ఏనాడో చెప్పింది. స్మితం నుంచి అతిహసితం వరకు ఆరు మెట్లు కట్టి, తాను నవ్వడాన్ని ఆత్మస్థమని, ఇతరులను నవ్వించడాన్ని పరస్థమని విడదీసింది. నల్లగొండకు ఈ విచక్షణ మరీ అవసరం. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల నీళ్ళలో ఫ్లోరైడు మితిమీరి, పటిక, సున్నం, బ్లీచింగు పౌడరుతో నీటిని శుద్ధి చేసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడిన జిల్లా ఇది. వంగిన కాళ్ళను, బిగిసిన నడుమును బట్టి మనిషికి పేరు పెట్టే మోటు నవ్వు, తన కాలిని చూపించి తానే కోతలు కోసే రోగి నవ్వు పైకి ఒకేలా వినిపించినా, మొదటిది పిట్టల దొర తుపాకిని దొర చేతికే ఇవ్వడం.

కడుపు కోసి కుట్లు వేసినవారికి పకపక నవ్వడమే నొప్పి గనుక, దిండు పొట్టకు అదుముకొని నవ్వమని సలహా ఇవ్వడం వాడుకలో ఉంది. దానికన్నా గట్టి చిక్కు మరొకటుంది. కోతలకు అలవాటుపడిన రోగి, రౌండ్లకు వచ్చిన డాక్టరు ‘నొప్పి ఎట్లుంది?’ అన్నప్పుడు కూడా దొరతనం వదలక ‘మా సంస్థానంల నొప్పికి తావు లేదు సారూ’ అంటే, చుట్టూ ఉన్నవారు నవ్వుతారు, కేసుషీటులో మాత్రం నొప్పి లేదనే నమోదవుతుంది. రాత్రంతా మూలిగిన సంగతి తెలిసిన తోడు మనిషి, ఆ నవ్వు ఆగకముందే డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈసారి ఆ మనిషి ఎత్తుకోవలసింది హాస్యపు వంత కాదు, రెండో పక్కది.