ఖాళీ గడి

మా ఇంట్లో గోడ క్యాలెండర్ మార్చగానే నేను వెతికేది పండగల్ని కాదు, అమావాస్యల్నీ పౌర్ణముల్నీ. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ, ఈయనకు భక్తి ఎక్కువేనని ముచ్చటపడిందట. నాకు కావలసింది ఆటు. ఆ రోజుల్లో సముద్రం మామూలుకంటే బాగా వెనక్కి తగ్గుతుంది. విశాఖ ఒడ్డున ఎప్పుడూ నీళ్లలో ఉండే రాళ్లు కాసేపు తేలతాయి. ఆ కాసేపే మా పని వేళ.

పని అంటే లెక్కపెట్టడం. దారాలతో గడులు కట్టిన చట్రాన్ని రాతిమీద ఆనించి, ఏ గడిలో నత్తలెన్ని, ఆల్చిప్పలెన్ని, రాతిని కరుచుకున్న బార్నకిల్స్ ఎన్ని, నాచు ఎంతమేర పాకింది అని పుస్తకంలో రాసుకోవాలి. వంగితే నడుం పట్టేస్తుంది, కూర్చుంటే మోకాళ్లు. ఒకసారి వలలు సర్దుకుంటున్న పెద్దాయన వచ్చి, "ఏటి బాబూ, ఏటైనా పడిపోనాదా?" అనడిగాడు. నత్తల్ని లెక్కపెడుతున్నానన్నాను. "పోయిన అమాసకీ లెక్కెట్టినావు గదేటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత అది జీవావరణ శాస్త్రవేత్త రాబర్ట్ పెయిన్ పనిలో దొరికింది. అమెరికా వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరంలో, 1963లో ఆయన ఒక రాతి గట్టు ముక్కను ఎంచుకున్నారు. పొడవు 8 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు. దానిమీది నక్షత్ర చేపల్ని గునపంతో పెకలించి సముద్రంలోకి విసిరేశారు. పక్క ముక్కను ముట్టుకోలేదు. ఆపైన చేసిందల్లా మళ్లీ మళ్లీ వెళ్లడం, కొత్తగా పాకివచ్చిన వాటిని విసిరేయడం, మిగిలినవాటిని లెక్కపెట్టడం.

ముట్టుకోని ముక్క ఎప్పటిలాగే ఉంది. నక్షత్ర చేపల్ని తీసేసినదాన్ని మొదట బార్నకిల్స్ కమ్మేశాయి. వాటిని తొక్కుకుంటూ మసెల్స్ అనే ఆల్చిప్పలు వచ్చాయి. 1966లో ఆయన వ్యాసం అచ్చయ్యేనాటికి 15 జాతులు కాస్తా 8 అయ్యాయి. ఆ రాతిమీద కరువు చోటుకే. నక్షత్ర చేప మసెల్స్‌ని తింటూ మిగతావాటికి ఇంత జాగా మిగిల్చేది. తినేది పోతే అందరూ బాగుపడతారనుకుంటాం. బాగుపడింది ఒక్కరే, మిగతావాళ్లకు నిలవనీడ లేకపోయింది. 1969లో పెయిన్ ఇలాంటి జీవికి 'కీస్టోన్' అని పేరు పెట్టారు. కమాను నడినెత్తిన బిగించే రాయి అది. మనం కీలక జాతి అంటున్నాం.

ఒక్క అమావాస్య లెక్కలో ఆ నక్షత్ర చేప ఓ చిన్న అంకె, అంతే. అది దేన్ని నిలబెడుతోందో అంకె చెప్పదు. అందుకే పోయిన అమాసకి లెక్కెట్టిన రాతినే ఈ అమాసకీ లెక్కెట్టాలి.

ఇది తెలియని రోజుల్లో నేనొక తప్పు చేశాను. ఓ శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టి రాళ్ల దగ్గరికి పోలేదు. ముందు నెల అంకెకూ తర్వాతి నెల అంకెకూ సగటు తీసి గడి నింపేశాను. అంకె ఎంత ముచ్చటగా కుదిరిందంటే, అందుకే నాకీ పని నేర్పిన మాస్టారికి అనుమానం వచ్చినట్టుంది. "ఆ రోజు వెళ్లావా?" అన్నారు. లేదన్నాను. కొట్టేయించారు. "వాన పడింది, వెళ్లలేదు అని రాయి. అది నిజం."

2013 నుంచి అమెరికా పశ్చిమ తీరం పొడవునా నక్షత్ర చేపలకు ఒక తెగులు సోకింది. చేతులు ఊడి, ఒళ్లు కరిగి గుంపులుగుంపులుగా చచ్చిపోయాయి. పెయిన్ గునపంతో ఒక్క ముక్కలో చేసిన పనిని రోగం తీరమంతటా చేసింది. ఎంత పోయిందో చెప్పగలిగారంటే, ఏమీ జరగని ఏళ్లలోనూ ఎవరో ఒకరు వెళ్లి లెక్క రాసిపెట్టబట్టే.

నా పుస్తకాల అట్టలు ఉప్పుగాలికి పెళుసెక్కాయి. అప్పుడప్పుడూ తీసి చూస్తుంటాను. అంకెల వరసల మధ్య ఆ కొట్టివేత, పక్కన 'వాన' అన్న మాట కనపడతాయి. మిగతా గడులన్నిటినీ నేను నమ్ముతున్నది ఆ ఒక్కదాని పూచీమీదే.