లింకు తెగితే పైకి నడవాలి

ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో తిరిగే డబుల్ రోలర్ యంత్రం చూడ్డానికి మొరటుగా ఉంటుంది గానీ, దాని ప్రాణమంతా ఒక్కచోటే ఉంది. తోలు వాషర్లు వరసగా బిగించి చేసిన రోలరు, దాన్ని ఒరుసుకుని నిలబడ్డ కత్తి కలిసే చోటది. దూది రోలరుకు అంటుకుని కత్తి సందులోంచి అవతలికి పోతుంది. గింజ ఇవతలే ఆగుతుంది. ఊగే కత్తి దాన్ని కొట్టి కిందికి రాలుస్తుంది. 1840లో అమెరికాలో ఫోన్స్ మెకార్తీ కనిపెట్టిన సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. వాడగా వాడగా తోలు అరిగి రోలరు సన్నబడుతుంది. అప్పుడు కత్తిని దానికి తగ్గట్టు జరిపి మళ్లీ కుదర్చాలి. రోలరు మారితే కత్తి చోటు మారాలని ఫిట్టరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అదే యంత్రాన్ని కంప్యూటరు మీద క్యాడ్‌లో గీసేటప్పుడు ఫిట్టరుకు తెలిసిన ఈ సంగతినే మనం లింకుగా రాసిపెడతాం. కత్తిని పట్టి ఉంచే బ్రాకెట్టును విడిగా కొలతలు కొట్టి గీయం. రోలరు పార్టులోంచి ఒక అంచునో, ఒక అక్షాన్నో తెచ్చుకుని దాని ఆధారంగా బ్రాకెట్టు కడతాం. బ్రాకెట్టు ఆధారంగా ఫ్రేములో బోల్టు రంధ్రాలు వేస్తాం. రోలరు వ్యాసం మార్చగానే బ్రాకెట్టు, రంధ్రాలు వాటంతటవే జరుగుతాయి. ఎన్‌ఎక్స్ అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని వేవ్ లింకు అంటారు, సాలిడ్‌వర్క్స్‌లో ఎక్స్‌టర్నల్ రిఫరెన్స్ అంటారు. చేసే పని మాత్రం ఒకటే. ఏ పార్టు దేన్నిబట్టి నడవాలో ఆ లింకే చెబుతుంది.

రోలరు మీద మెలిక గాడి ఒకటి కొత్తగా వేశారనుకుందాం. నున్నగా ఉన్న అంచు ముక్కలవుతుంది. బ్రాకెట్టు నమ్ముకున్న అంచు ఇక లేదు. కానీ మనకు కనబడే ఎర్ర గుర్తు తరచుగా ఎక్కడో చివర, ఫ్రేము రంధ్రాల దగ్గర ఉంటుంది. డిజైన్ ఆఫీసులో చేరిన కొత్తలో పిల్లలు అడిగేది ఒకటే ప్రశ్న: “అన్నా, లింకు తెంచేస్తే ఎర్రర్ పోతుంది కదన్నా?” పోతుందప్పా, నిజమే. బొమ్మ కూడా చక్కగా కనబడుతుంది. కానీ రేపు రోలరు మారినప్పుడు ఆ బ్రాకెట్టు కదలదు, కదల్లేదని ఎవరికీ చెప్పదు కూడా. ఎర్ర గుర్తున్న మోడల్ కన్నా ఏ గుర్తూ లేకుండా తప్పుగా ఉన్న మోడల్‌కే నేను ఎక్కువ భయపడతాను. మొదటిది కంప్యూటరు ముందే దొరుకుతుంది. రెండోది లేత్ మీద లోహం కోసేశాక దొరుకుతుంది.

తుంగభద్ర దిగువ కాలువ కింద సాగు చేసే మా హాలహర్వి రైతు, మడికి నీళ్లు రాకపోతే మడిలో తవ్వుతూ కూర్చోడు. కాలవ గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు. తూము మూసుకుపోయిందా, గండి పడిందా చూసుకుంటాడు. లింకు విషయంలోనూ చేయాల్సింది అదే. రంధ్రం నుంచి బ్రాకెట్టుకు, బ్రాకెట్టు నుంచి రోలరుకు, మొదట తప్పిన చోటు దొరికేదాకా పోవాలి. అక్కడ బాగుచేస్తే కిందున్న ఎర్ర గుర్తుల్లో చాలా వరకు వాటంతటవే పోతాయి.

పైకి వెళ్లేటప్పుడు నేను పాటించే వరస ఒకటుంది. మొట్టమొదట, లింకు నిజంగా తెగిందా, లేక ఆధారమిచ్చే పేరెంట్ పార్టు తెరుచుకోలేదా? ఎన్‌ఎక్స్‌లో అసెంబ్లీ లోడ్ ఆప్షన్లలో ఇంటర్‌పార్ట్ డేటా లోడ్ చేయమని చెప్పకపోతే, లింకు బాగానే ఉన్నా పార్టు పాత ఆకారంతోనే ఉండిపోవచ్చు. సాలిడ్‌వర్క్స్ అయితే గుర్తులతోనే చెబుతుంది. బాణం పక్కన ప్రశ్నార్థకం ఉంటే ఆధారం అందుబాటులో లేదని, నక్షత్రం ఉంటే తాళం వేశారని, ఎక్స్ ఉంటే ఎవరో కావాలనే తెంచేశారని అర్థం. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

తర్వాత ఫైళ్ల సంగతి. విండోస్ ఫోల్డరులోకి వెళ్లి పార్టు పేరు మార్చినా, సగం ఫైళ్లే పెన్‌డ్రైవ్‌లో కాపీ చేసుకుపోయినా లింకు దారి తప్పుతుంది. సాలిడ్‌వర్క్స్‌లో ప్యాక్ అండ్ గో వాడితే ఫైళ్లన్నీ తమ సంబంధాలతో సహా కదులుతాయి. ఫైలు సరిగ్గానే ఉంటే, అప్పుడు ఆకారం చూడాలి: మనం ఎంచుకున్న అంచు గానీ ముఖం గానీ ఇంకా ఉందా? చివరగా, ఈ పార్టు ఆ పార్టునూ, ఆ పార్టు ఈ పార్టునూ నమ్ముకుని చక్రం తిరుగుతున్నాయా?

వీటన్నిటికన్నా ప్రమాదకరమైంది, లింకు తెగకుండానే తప్పు చోట అతుక్కోవడం. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనలేని విద్యార్థులకు ఉచితంగా దొరికే ఫ్రీక్యాడ్‌లో ఈ ఇబ్బంది ఏళ్ల తరబడి ఉండేది. ముఖాలకు ఫేస్1, ఫేస్2 అని నంబర్లుంటాయి. మధ్యలో ఒక రంధ్రం చేరిస్తే నంబర్లు మారిపోయి, పైముఖం మీద ఉండాల్సింది పక్కముఖం మీదికి పోయేది. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్ దీన్ని చాలా వరకు తగ్గించింది. అయినా జాగ్రత్త మనదే.

అందుకే తెగిన చోట అదే అంచును మళ్లీ ఎంచుకుని ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఒకసారి పోయిన అంచు మళ్లీ పోతుంది. గాడి వేసినా, తోలు అరిగినా రోలరు అక్షం చోటు మారదు కాబట్టి లింకును దానికీ, రోలరు వ్యాసం కొలతకూ కట్టాలి. ఇంకా మంచిది, అక్షాలు, ప్రధాన తలాలు, వ్యాసం మాత్రమే ఉన్న స్కెలిటన్ పార్టు ఒకటి పైన పెట్టి, మిగతా పార్టులన్నీ దాన్నుంచే కొలతలు తీసుకునేలా చేయడం. అతికించాక వ్యాసాన్ని కాస్త పెంచి, కాస్త తగ్గించి చూడాలి. కత్తి, బ్రాకెట్టు, రంధ్రాలు మూడూ కలిసి కదిలితేనే పని పూర్తయినట్టు.

తెంచాల్సిన సందర్భాలూ ఉంటాయి. తయారీకి పంపేసిన డ్రాయింగు ఎవరో పై పార్టు ముట్టుకున్నందుకు మారిపోకూడదు. అక్కడ లింకును ఆపేయడం లేదా తెంచడం న్యాయమే. అయితే ఎందుకు ఆపారో ఫైలులోనే రాసి పెట్టాలి.

ఒకచోటి మార్పు రెండోచోటికి సరిగ్గా చేరేలా చూసే ఈ క్రమశిక్షణ లోపిస్తే ఎంత పెద్ద సంస్థకైనా దెబ్బ తగులుతుంది. ఎయిర్‌బస్ ఎ380 విమానంలో 500 కిలోమీటర్లకు పైగా వైరింగ్ ఉంటుంది. క్యాటియా అనే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌నే వాడినా, హాంబర్గ్ ఇంజనీర్లు క్యాటియా 4లో, తులూజ్ ఇంజనీర్లు క్యాటియా 5లో పనిచేశారు. ఒకచోటి మార్పులు రెండోచోటికి సరిగ్గా చేరలేదు. వైర్లు బిగించబోతే పొడవు చాలలేదు. 2006లో అందాల్సిన మొదటి విమానం సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు 2007 అక్టోబరులో గానీ చేరలేదు.

ఆదోని, ఎమ్మిగనూరు నుంచి మెకానికల్ చదివి బెంగళూరు, హైదరాబాద్ డిజైన్ ఆఫీసులకు వెళ్లే పిల్లలు ఏటా ఉంటారు. డిజైన్, తయారీ రంగాల కోసమే 2015లో పెట్టిన ట్రిపుల్ ఐటీడీఎం అనే విద్యాసంస్థ మన కర్నూలులోనే ఉంది. మన దగ్గర క్యాడ్ నేర్పే ప్రతి చోటా నేను కోరేది ఒకటే. పరీక్షలో కొత్త పార్టు గీయమనడంతో సరిపెట్టకుండా, లింకులు తెగిన పాత అసెంబ్లీ ఒకటి ఇచ్చి బాగుచేయమనండి. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే వాళ్ల చేతికి వచ్చేది అదే. ఆ అసెంబ్లీ గీసిన మనిషి ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాడు. ఏది దేన్నిబట్టి నడవాలని అతను అనుకున్నాడో లింకులను చదివి తెలుసుకోగలిగిన వాడినే నేను డిజైనరని పిలుస్తాను.