నీళ్లు కుదురుకునేదాకా

చెన్నైలోని కొళత్తూరు వీధుల్లో మంచినీటి చేపలు ప్లాస్టిక్ సంచుల్లో వేలాడుతుంటాయి. బేరమాడి కొని, ఆ సాయంత్రమే ఇంట్లో వదిలేసే అలవాటున్నవాళ్లకి ఉప్పునీటి ట్యాంకు కట్టే మనిషి చాదస్తుడిలా కనిపిస్తాడు. మాధవరంలో మా బంధువులింట్లో అలాంటి ఒకాయన నాలుగడుగుల ట్యాంకు నిలబెట్టాడు. ఇసుక, రాళ్లు, పంపు, నీళ్లు చల్లబరిచే చిల్లర్ అన్నీ అమిరాయి. చేప మాత్రం ఏడు వారాలదాకా రాలేదు. నాకు ఆయన పనితనమంతా ఆ ఏడు వారాల్లోనే కనిపించింది.

1909లో, మద్రాసు మ్యూజియం నడిపిన ఎడ్గర్ థర్‌స్టన్ చొరవతో మెరీనా ఒడ్డున అక్వేరియం తెరిచినప్పుడు సముద్రం గుమ్మంలోనే ఉంది. ఇప్పుడూ ఊళ్లోనే ఉంది కదా, నాలుగు బిందెలు తెచ్చుకోరాదా అంటే ఈయన ఒప్పుకోడు. కూవం, అడయారు కలిసేది ఆ నీళ్లలోనే. పైగా ఈశాన్య రుతుపవనాలప్పుడు తీరంలో ఉప్పదనం పడిపోతుంది. అందుకని శుద్ధిచేసిన ఆర్‌ఓ నీళ్లలో ఉప్పు మిశ్రమం లీటరుకి సుమారు 35 గ్రాములు కలిపి, డ్రమ్ములో రాత్రంతా తిప్పాడు. పొద్దున ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరు గాజు మీద ఒక్క చుక్క వేసి, కిటికీ వైపు పెట్టి ఒంటికన్నుతో చూశాడు. సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర గీత ఆగాక గానీ డ్రమ్ము మూత తియ్యలేదు.

అసలు చిక్కు రాళ్ల దగ్గరుంది. సముద్రంలోంచి తీసిన రాయైతే పనికొచ్చే సూక్ష్మజీవులు దాంతోపాటే వస్తాయి. కానీ ఆ రాయి పగడపు దిబ్బల్లోదే, మన దేశంలో పగడాలకి 2001 నుంచి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. వాటి జోలికి పోకూడదు, పోనక్కర్లేదు కూడా. ఈయన వాడేవి బొరియలున్న ఎండు రాళ్లు. వాటిమీద బ్యాక్టీరియా మొదటినుంచి పుట్టుకు రావాలి. చేప విసర్జించే అమోనియాని ఒక జాతి నైట్రైటుగా, ఇంకో జాతి నైట్రేటుగా మారుస్తాయి. రెండోది నిదానస్తురాలు, వారాలు పడుతుంది. సముద్రపు నీటి క్షారగుణానికి అమోనియా విషం ఇంకా పదునెక్కుతుంది.

పూర్వం బ్యాక్టీరియాకి మొదటి అమోనియా అందించడానికి, గట్టి ప్రాణమని డామ్సెల్ చేపని ముందు దించేవారు. నేనూ దించాను. అది బతికింది, తర్వాత వచ్చిన ప్రతి చేపనీ తరిమింది. ఈయన దించింది నవాసారం. అవును, ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్లు వాడేదే, కాకపోతే శుద్ధమైన రకం. లీటరుకి 2 మిల్లీగ్రాముల అమోనియా చూపించేదాకా కరిగించి పోశాడు.

ఆపైన టెస్టుట్యూబు. నీళ్లు పట్టి, చుక్కలు లెక్కపెట్టి వేసి, బొటనవేలితో కాక మూతతోనే బిగించి ఊపాడు. వేలి చెమట కూడా లెక్క తప్పిస్తుందట. గడియారం చూసి అయిదు నిమిషాలు ఆగి, తెల్ల కార్డు ముందు పగటి వెలుతురులో పట్టుకున్నాడు. ట్యూబులైటు కింద పసుపుకీ లేత ఆకుపచ్చకీ తేడా తెలియదన్నాడు. మూడోవారానికి అమోనియా పసుపుకి దిగింది గానీ నైట్రైటు వంగపండు రంగులో మొండికేసింది. "ఇప్పుడొద్దు సార్," అని సామాను సర్దేశాడు. చేప అమ్మితే ఆ రోజే డబ్బొచ్చేది.

అయిదోవారం మళ్లీ అంతే నవాసారం పోసి వెళ్లి, మర్నాడు అదే వేళకి వచ్చాడు. అమోనియా, నైట్రైటు రెండూ సున్నా. పేరుకున్న నైట్రేటు పోవడానికి సగం నీళ్లు మార్చాడు. అప్పటికే రాళ్లమీద గోధుమరంగు నాచు పొడిలా పట్టింది. మొదటి జీవాలు దాన్ని మేసేవే, నాలుగు నత్తలు. చేపకన్నా వీటికే ఉప్పదనం మార్పు ఎక్కువ బాధట. అందుకే ట్యాంకు నీళ్లు తెచ్చే సన్నటి గొట్టానికి ముడివేసి, నత్తలున్న నీళ్లలోకి సెకనుకి రెండు చుక్కలు రాలేలా బిగించి, గంటన్నర కూర్చున్నాడు. కాఫీ చల్లారిపోయింది.

రెండు వారాలకి హాచరీలో పుట్టిన క్లౌన్ చేపల జత దిగింది. రెండిట్లో పెద్దది ఆడదవుతుందని ఆయన చెబితే పిల్లలు నమ్మలేదు. ఇంకో చేప ఎప్పుడని వెంటనే అడిగారు. ఆయన మాట్లాడకుండా ట్యూబులో నీళ్లు పట్టాడు.