బిట్టులో రోగి ఎక్కడ?

డాక్టరుగారు 20 యూనిట్ల ఇన్సులిన్ రాశారు. సీసా మీద మిల్లీలీటరుకు 40 యూనిట్లు అని ఉంది. ట్రేలో దొరికింది నారింజ మూత సిరంజి. అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్ల లెక్కన గీతలున్నది. మందు ఏ గీత దాకా లాగుతారు?

జీఎన్‌ఎం నర్సింగ్ రెండో సంవత్సరం పిల్లలకు ఏటా ఈ ప్రశ్న ఇస్తాను. లెక్క వచ్చినవాళ్లు చప్పున చెబుతారు: 20 యూనిట్లంటే అర మిల్లీలీటరు, కాబట్టి 50వ గీత. లెక్క తప్పు కాదు. తొందరపడేవాళ్లు 20వ గీత అంటారు. అలా చేస్తే రోగికి అందేది 8 యూనిట్లే. ఏ మూలనుంచో ఒకమ్మాయి లేచి, "మేడమ్, వెళ్లి ఎర్ర మూత సిరంజి తెచ్చుకుంటే ఈ లెక్కతో పనేముంది?" అంటుంది. నాకు కావలసింది ఆ జవాబు. ఎర్ర మూతది 40 యూనిట్ల సీసాకోసమే చేసిన సిరంజి. ఇదే వ్యవహారం తిరగబడి, 100 యూనిట్ల సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20వ గీత దాకా లాగారనుకోండి, రోగి ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. అందుకే లెక్క వచ్చి కూడా అర్ధరాత్రి ఆ లెక్కమీద ఆధారపడనివాళ్లు వార్డులో ఉండాలి.

నేను చూసిన గైడ్లలో ఈ బిట్టు కనపడదు. అవి చాలావరకు అమెరికా పుస్తకాల నుంచి దింపుకున్నవి. అక్కడ మనుషులకు 40 యూనిట్ల సీసా వాడరు కాబట్టి వాళ్లకీ తికమక లేదు. తికమక మనది. దాని గురించి మనమే అడగాలి.

బిట్లంటే నాకేమీ చిన్నచూపు లేదు. మా పిల్లల ముందున్న దారులన్నీ వాటి మీదుగానే పోతున్నాయి: ఎయిమ్స్ పెట్టే నార్‌సెట్, తెలంగాణలో స్టాఫ్ నర్సు పోస్టుల పరీక్ష, గల్ఫ్‌కైతే ప్రోమెట్రిక్, అమెరికాకైతే ఎన్‌క్లెక్స్. పైగా మేం చదివినప్పటి వ్యాస ప్రశ్నలేమంత గొప్పవి కావు. "టైఫాయిడ్ రోగికి చేయవలసిన నర్సింగ్ సేవలను వివరించుము" అని పది మార్కులకు అడిగేవారు. రోగికి ధైర్యం చెప్పాలి, పక్క శుభ్రంగా ఉంచాలి, టీపీఆర్ (ఉష్ణోగ్రత, నాడి, శ్వాస) చూసి చార్టులో రాయాలి, మార్పు ఉంటే డాక్టరుకు తెలియజేయాలి అని మొదలుపెడితే నాలుగు పేజీలు నిండేవి. టైఫాయిడ్ స్థానంలో కామెర్లు పెట్టినా అవే నాలుగు పేజీలు. బిట్టు దగ్గర ఆ పప్పులుడకవు. ఒకటి ఎంచుకోవాలి, మిగతా మూడూ వదులుకోవాలి. డ్యూటీలో నర్సు చేసే పనీ అదే.

ఉదాహరణకు ఇది చూడండి. సాయంత్రం డ్యూటీ అందుకున్నారు. ఒకటో బెడ్ మీద చెయ్యి విరిగిన కుర్రాడు నొప్పికి వార్డు అదిరేలా అరుస్తున్నాడు. రెండో బెడ్ మీద 101 జ్వరంతో పెద్దాయన. మూడో బెడ్ ఆవిడ డిశ్చార్జి కాగితాల కోసం పొద్దున్నుంచి కూర్చుంది, పక్కనే కొడుకు కస్సుబుస్సులాడుతున్నాడు. నాలుగో బెడ్ మీద మధ్యాహ్నం థైరాయిడ్ ఆపరేషనైన ఆవిడ లేచి కూర్చుని, మెడ దగ్గర పట్టేసినట్టుందని సన్నగా చెబుతోంది. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?

కొత్తగా చేరినవాళ్లు ఒకటో బెడ్ అంటారు. కాస్త లోకం తెలిసినవాళ్లు మూడో బెడ్ అంటారు, ఆ కొడుకు సూపరింటెండెంట్ దాకా వెళ్తాడని. జవాబు నాలుగు. అరిచేవాడికి ఊపిరి ఆడుతోంది. మెడ ఆపరేషన్ తరవాత లోపల రక్తం చేరితే శ్వాసనాళం నొక్కుకుపోతుంది, ఆ మనిషికి అరిచే శక్తి ఉండదు. డ్రెస్సింగ్ ముందువైపు పొడిగా, తెల్లగా కనిపించి మోసం చేస్తుంది. పడుకుని ఉన్నప్పుడు కారిన రక్తం మెడ వెనక్కి జారి దిండులోకి ఇంకుతుంది. అందుకని చెయ్యి మెడ వెనక్కి పోనిచ్చి తడి తగులుతోందేమో చూడాలి. గొంతు పెద్దదైన అటెండెంట్ ఎటు లాగితే సిస్టర్ అటు పరిగెత్తవలసి వచ్చే మన వార్డుల్లో, గొంతు లేవనివాళ్లను ముందు చూడమని నేర్పే ప్రశ్న ఇది.

పేపరు తయారయ్యాక ఒక సీనియర్ వార్డు సిస్టర్‌కి చూపించడం నా అలవాటు. దీనికి కొనసాగింపుగా రాసిన బిట్టు చూసి ఆవిడ పగలబడి నవ్వింది. "నాలుగో బెడ్ దగ్గర ముందు ఏం చేస్తారు: తల ఎత్తుగా పెట్టడం, ఆక్సిజన్ పెట్టడం, సర్జన్‌ని పిలవడం, డ్రెస్సింగ్ చూడడం" అని రాశాను. "ఇదేం ప్రశ్నమ్మా! ఒక చేత్తో మంచం ఎత్తుతూ, ఇంకో చేత్తో మాస్కు అందుకుంటూ, సర్జన్‌కి ఫోన్ చెయ్యమని ఆయమ్మకు కేకేస్తాం. నీ పేపర్లో నేను ఫెయిలే" అంది.

ఆవిడ మాటలో న్యాయముంది. ఒకేసారి చేసే పనుల్ని నాలుగు ముక్కలు చేసి, ఏది ముందు అని అడగడం పరీక్ష పెట్టేవాళ్ల సౌకర్యం కోసమే. ఎన్‌క్లెక్స్ వాళ్లు కూడా 2023 ఏప్రిల్ నుంచి పద్ధతి మార్చి, ఒకే రోగి మీద వరసగా ఆరు ప్రశ్నలడిగే కేసులు పెడుతున్నారు. నేను నా బిట్టు తిరగరాశాను. సరైన పనులన్నీ కలిపి ఒక జవాబు చేశాను. మిగతా మూడూ ఇవి: నొప్పి సూది ఇచ్చి పడుకోబెట్టడం, నీళ్లు తాగించి అరగంట ఆగి చూడడం, డ్రెస్సింగ్ మీద ఇంకో పొర కట్టడం. మూడూ మంచి మనసున్న నర్సు చేయగల పనులే. ప్రమాదమంతా అక్కడే ఉంది.

అరువు తెచ్చుకున్న ప్రశ్నలతో ఇంకో చిక్కుంది. వాటిలో రోగి ఉన్నా, మన రోగి కాదు. పడకపుండు మొదటి దశను ఎలా గుర్తిస్తారు? నొక్కినా పోని ఎరుపుతో. ఈ జవాబుకి నాకూ అప్పట్లో మార్కు పడింది. కానీ చామనఛాయ మనిషి నడుం కింద, నల్లటి మనిషి మడమ మీద ఆ ఎరుపు కనిపించదు. చేతి వెనకవైపు ఆనించి చూడాలి. పక్క చర్మం కంటే వెచ్చగా ఉందా, గట్టిపడిందా, మెత్తగా లోపలికి దిగుతోందా, తాకితే మనిషి ముడుచుకుంటున్నాడా? అలాగే ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే పెదాలు నీలమవుతాయంటుంది పుస్తకం. రోజంతా కిళ్లీ నమిలే ముసలమ్మ పెదాల్లో ఏ నీలం వెతుకుతాం? కింది కనురెప్ప లాగి చూడాలి, గోళ్లు చూడాలి.

కమ్యూనిటీ హెల్త్ పేపర్లోనైతే రోగి ఊసే ఉండదు. టీకాలు ఏ ఉష్ణోగ్రతలో ఉంచాలి, ప్రపంచ క్షయ దినం ఎప్పుడు, ఓఆర్‌ఎస్‌లో ఉప్పెంత? 2 నుంచి 8 డిగ్రీలు, మార్చి 24, 2.6 గ్రాములు. ఇవి తెలియక్కర్లేదని అనను. కానీ ఉప్పెంతో తెలిసిన పిల్ల సబ్‌సెంటర్‌కి వెళ్లాక ఎదురయ్యేది ఇది: విరేచనాలవుతున్న ఏడాది బిడ్డ, తల్లి చేతిలో గ్లాసు. లీటరు నీళ్లలో కలపాల్సిన 20.5 గ్రాముల ప్యాకెట్‌ని ఆ తల్లి మొత్తం ఆ గ్లాసులోనే గుమ్మరించింది. ఇప్పుడేం చేస్తారు? దాన్ని పారబోయించాలి. అంత ఉప్పు బిడ్డకు మేలు చేయదు సరికదా ప్రమాదం. తరవాత ఆ ఇంట్లోనే లీటరు కొలత వెతకాలి. ఈ రోజుల్లో లీటరు నీళ్ల సీసా లేని ఇల్లు తక్కువ. ఆ తల్లి చేతే కలిపించాలి. విరేచనాలు ఆగినా జింకు మాత్ర 14 రోజులూ వేయాలని అప్పుడే చెప్పాలి. లేకపోతే మూడోరోజుకి మానేస్తుంది.

ఈ ద్రావణం గొప్పతనం లోకానికి తెలిసింది కూడా తల్లులూ బంధువులూ తాగించబట్టే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల్లో కలరా చెలరేగినప్పుడు, బెంగాల్‌లోని బన్‌గావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దగ్గర సెలైన్ సీసాలు నిండుకున్నాయి. ఆయన ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల వెంట వచ్చినవాళ్ల చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకి దిగాయి. పరీక్షలో "ఓఆర్‌ఎస్ పితామహుడు ఎవరు?" అని అడిగి వదిలేస్తే, ఆయన చేసిన పని పిల్లలకు అందదు.

రక్తహీనత ప్రశ్న కూడా ఇంతే. ఆరో నెల గర్భిణి, హిమోగ్లోబిన్ 8.2. ఏఎన్‌ఎం ఇచ్చిన ఐరన్ మాత్రలు ఇచ్చినట్టే గూట్లో ఉన్నాయి. ముందు ఏం చేస్తారు? మోతాదు గురించి ఆలోచించేవాళ్లున్నారు, కేకలేసేవాళ్లున్నారు. "మాత్ర వేసుకుంటే ఏమవుతోందమ్మా?" అని అడగడం జవాబు. ఒకామెకు కడుపులో తిప్పుతుంది. ఒకామె నల్లగా విరేచనమైందని బెదిరింది. ఇంకొకామె ఇంట్లో, బిడ్డ లావెక్కితే కాన్పు కష్టమవుతుందని అత్తగారి భయం. మొదటామెకు అన్నం తిన్నాక వేసుకోమని, టీతో వద్దని, నిమ్మరసంతో మంచిదని చెబితే చాలు. రెండో ఆమెకు ఆ నలుపు మాత్రవల్లేనని చెప్పాలి. మూడో ఇంట్లో మాట్లాడాల్సింది కోడలితో కాదు, అత్తగారితో.

"నీటిలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి?" అంటే నల్గొండ టెక్నిక్ అని, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరని పిల్లలు నిద్రలో లేపినా చెబుతారు. ఆ నీళ్లే దశాబ్దాలు తాగి, వెన్ను కర్రలా బిగుసుకుపోయి, మెడ తిప్పలేని పెద్దాయనను స్ట్రెచర్ మీంచి మంచం మీదికి ఎలా మారుస్తారని అడిగితే మాత్రం క్లాసు నోరు మెదపదు. పబ్లిక్ హెల్త్ ఒక పేపరు, రోగి సేవ ఇంకో పేపరు అని విడదీసింది మనం. ఆ పెద్దాయనకు రెండూ ఒక్క ఒంట్లోనే ఉన్నాయి.

అందుకే ఈ ఏడాది నుంచి పోస్టింగ్ ముగిసినప్పుడల్లా ఒక్కొక్కరూ ఒక బిట్టు రాసివ్వాలని పెట్టాం. రోగి పేరు ఉండకూడదు, రోగి మాత్రం ఉండాలి. మూడు తప్పు జవాబులూ వార్డులో ఎవరో ఒకరు మంచికే అనుకుని చేసేవై ఉండాలి. సరైన జవాబు గైడులో దొరుకుతుంది, తప్పు జవాబుల కోసం మాత్రం కళ్లు తెరుచుకుని వార్డులో తిరగాలి.

మొన్న ఒకమ్మాయి రాసింది ఇది. తలకు దెబ్బ తగిలిన కుర్రాడు, గంటగంటకూ స్పృహ ఎలా ఉందో చూడాలి. రాత్రి రెండింటికి వెళ్తే తల్లి అడ్డొచ్చింది: "ఇప్పుడే కన్నంటుకుంది, లేపకు సిస్టరమ్మా." ఏం చేస్తారు? ఒకటి, గంట తరవాత వస్తానని వెళ్లిపోతారు. రెండు, లేపకుండా నాడీ, బీపీ చూసి రాసుకుంటారు. మూడు, ఒంటిగంటకు రాసిన అంకెలే మళ్లీ రాస్తారు. నాలుగు, ఎందుకు లేపాలో తల్లికి చెప్పి, ఆమె చేతే పేరు పెట్టి పిలిపిస్తారు.

వచ్చే ఇంటర్నల్స్‌లో మొదటి ప్రశ్న ఇదే. ఇలా పత్రికలో రాసేశాక, ప్రశ్నపత్రం లీకైందని ఎవరైనా అంటారేమో. ఈ ఒక్క ప్రశ్న ఎంతమందికి లీకైతే అంత మంచిది.